కొర్రల దీవిలో ఖరీదైన విడిది

జపాను దేశానికి దక్షిణపు కొసన, తైవానుకు చేరువలో తకెతోమి అనే చిన్న దీవి ఉంది. చుట్టూ తిరిగి వస్తే తొమ్మిది కిలోమీటర్లు. జనాభా 350కి అటూ ఇటూ. మన జిల్లాలో ఒక శివారు పల్లెకు సాటి. ఇషిగాకి అనే పెద్ద దీవి నుంచి పడవ ఎక్కితే పది పదిహేను నిమిషాల్లో రేవులో దింపుతుంది. ఇంత చిన్న ఊళ్ళో 2012 జూన్ 1న హోషినోయా అనే హోటలు తెరిచారు. అందులో ఒక రాత్రి బసకు మన రూపాయల్లో వేలకు వేలు అవుతుంది.

అంత సొమ్ము పోసి వచ్చినవారికి అక్కడ మేడలూ లేవు, అద్దాల గోడలూ లేవు. ఇంట్లో టెలివిజను కూడా ఉండదు. ఉన్నవల్లా 48 పెంకుటిళ్ళు! రాతి గోడలు, ఇసుక దారులు, ఒక ఈత కొలను, నడిచి వెళ్ళేంత దూరంలో సముద్రం. పదహారు పదిహేడు ఎకరాల స్థలంలో ఒక కొత్త ఊరినే కట్టారనవచ్చు. ఆ ఊరికి నమూనా పక్కనే ఉన్న పాత ఊరు. కూలీనాలీ చేసుకునేవాడు పుట్టి పెరిగిన ఇంటి వంటి ఇంట్లో పడుకోవడానికి పట్నవాసపు ధనవంతుడు వేలకు వేలు చెల్లిస్తున్నాడంటే వింతగానే ఉంటుంది. కానీ ఆ ఇంటి వెనక ఉన్న కథ వింటే వింత కాస్త తగ్గుతుంది.

పాము కనబడే దారి

తకెతోమి ఇళ్ళన్నీ ఒంటి అంతస్తువే. ఎర్ర పెంకులు, వాటి మధ్య తెల్లని సున్నపు పూత. కప్పు మీద మట్టితో చేసిన సింహం బొమ్మ కూర్చుని ఉంటుంది. దిష్టి తగలకుండా మనం గుమ్మానికి గుమ్మడికాయ కట్టినట్టే. ఇంటి చుట్టూ పగడపు రాళ్ళు పేర్చిన ప్రహరీ. వాకిలికి ఎదురుగా మరో చిన్న అడ్డుగోడ. వీధిన పోయేవాడి చూపు తిన్నగా ఇంట్లో పడకుండానూ, దుష్టశక్తులు లోపలికి రాకుండానూ ఆ గోడ కట్టుకున్నారట. ఇళ్ళన్నీ దక్షిణం వైపు తిరిగి ఉంటాయి, వేసవి గాలి ఆ వైపు నుంచే వస్తుంది కనుక. తుఫాను గాలిని ఆపడానికి దట్టమైన ఆకుల చెట్లు వరసగా పెంచుతారు.

వీధుల్లో తారు లేదు, సిమెంటు లేదు. తెల్లటి పగడపు ఇసుక పరుస్తారు. అది అందం కోసమేనని యాత్రికులు అనుకుంటారు. ఆ దీవుల్లో హబు అనే విషసర్పం ఉంది. వెన్నెల రాత్రి తెల్లని ఇసుక మీద పాము వెంటనే కనబడుతుంది. పెద్దలు చెప్పే కారణం అది. పొద్దున్నే ఎవరి ఇంటి ముందు వీధి వారు చీపురుతో ఊడుస్తారు. మన ఆడవాళ్ళు కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే వేళకు అక్కడ ఇసుక మీద చీపురు గీతలు పడతాయన్నమాట. యాత్రికులను దున్నపోతు బండి ఎక్కించి ఈ వీధుల్లో తిప్పుతారు. బండి తోలేవాడే పాము చర్మం బిగించిన మూడు తీగల వాయిద్యం వాయిస్తూ పాడతాడు. ఆ జాతి దున్నలు 1930 ప్రాంతాల్లో తైవాను నుంచి వలస వచ్చిన రైతులతో ఆ దీవులకు చేరాయి.

హోటలు వారు ఇవేవీ వదలలేదు. ఎర్ర పెంకు, సున్నం, రాతి ప్రహరీ, అడ్డుగోడ, దక్షిణపు ముఖం, ఇసుక దారి అన్నీ దించారు. అది వారి మంచితనం మాత్రమే కాదు. అలా కట్టకపోతే ఊరు ఒప్పుకునేది కాదు.

ఎకరాలు చేతులు మారిన ఏడాది

ఒకినావా దీవులన్నీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా పాలనలో ఉండి 1972 మే 15న తిరిగి జపాను చేతికి వచ్చాయి. అంతకు ముందు ఏడాదే, 1971లో, ఆ ప్రాంతంలో నెలల తరబడి వానలు లేవు. ఎండిన చేల మీద ఆపైన తుఫాను వచ్చి పడింది. పంట పోయింది, పశువులు పోయాయి. సరిగ్గా ఆ సమయంలో పెద్ద పట్నాల కంపెనీలు డబ్బు సంచులతో దిగాయి. రేపు జపానులో కలిస్తే యాత్రికులు వస్తారు, భూమి ధర పెరుగుతుంది అన్నది వారి లెక్క. చితికిన రైతు చౌకగా అమ్ముకున్నాడు. ప్రాజెక్టు వస్తుందన్న పుకారు పుట్టగానే ఏజెంట్లు ఎలా వాలుతారో మన సముద్ర తీరపు రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

దీవిలో కొందరు మేలుకొని అమ్మకాలకు ఎదురు నిలిచారు. అమ్ముడైన భూమిని తిరిగి కొనడానికీ పూనుకున్నారు. 1986లో ఊరంతా కలిసి ఒక కట్టుబాటు పత్రం రాసుకుంది. అమ్మరాదు, మురికి చేయరాదు, క్రమం చెడగొట్టరాదు, పాడు చేయరాదు, ఉన్నదాన్ని సద్వినియోగం చేయాలి అన్నవి అందులోని సూత్రాలు. మొదటిది అమ్మరాదు అన్నదే కావడం గమనార్హం. మరుసటి ఏడాది, 1987లో, ప్రభుత్వం ఆ గ్రామపు ఇళ్ళ వరసలను కాపాడవలసిన సంపదగా గుర్తించింది.

అయితే కట్టుబాటు అప్పు తీర్చదు గదా! తిరిగి కొన్న భూమికి డబ్బు అప్పుగా తెచ్చిందే. భూమి తనఖాలో ఉండిపోయింది. బాకీ తీరకపోతే అది మళ్ళీ బయటివాళ్ళ పాలవుతుంది. ఆ దశలో వచ్చింది హోషినో కంపెనీ. కొండ ప్రాంతమైన కరుయిజావాలో 1914లో ఒక సత్రంతో మొదలైన కుటుంబ వ్యాపారం అది. కుదిరిన ఏర్పాటు ఏమంటే, భూమి హోటలుకు అమ్మరు, భూమిని ఉంచుకోవడానికే వేరే సంస్థ ఉంటుంది, హోటలు కౌలు కడుతుంది, ఆ కౌలుతో బాకీ తీరుతుంది.

ఈ ఏర్పాటును ఊరి సంఘం ముందు పెట్టి ఎన్నోసార్లు వివరించారు. 2010లో సభ ఆమోదించింది. అందరికీ నచ్చిందని కాదు. ధనవంతుల విడిది వస్తే ఊరి తీరు మారుతుందని భయపడినవారు ఉన్నారు. వారి భయాన్ని తీసిపారేయడానికీ లేదు. మరోవైపు చూస్తే 1990ల మొదట్లో జనాభా 250 దాకా పడిపోయిన ఊరది. ఇప్పటికీ అక్కడ ఉన్నది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాల మాత్రమే. పదిహేనేళ్ళ పిల్లవాడు పై చదువుకు దీవి దాటవలసిందే. వెళ్ళినవాడు తిరిగి రావాలంటే పని ఉండాలి.

నీళ్ళు ఎవరివి?

తకెతోమిలో ఏరు లేదు. తాగునీరు సముద్రం అడుగున వేసిన గొట్టంలో ఇషిగాకి నుంచి వస్తుంది. అటువంటి చోట ఈత కొలను నింపే హోటలంటే ఎవరికైనా గుండె జల్లుమంటుంది. కాగా హోటలు తర్వాత సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం పెట్టుకుంది. గొట్టం దెబ్బతిన్న రోజున ఊరికి కూడా ఆ నీరు అక్కరకు వస్తుందని చెబుతున్నారు.

చెప్పుకోదగ్గ మరో సంగతి పంట. ఆ దీవి పండుగ పేరు తనెదోరి, విత్తనాల పండుగ. అక్కడ విత్తేది మన కొర్రలే! ఆరు వందల ఏళ్ళుగా జరుగుతున్నదంటారు. శరదృతువులో పది రోజులు సాగుతుంది. అందులో రెండు రోజులు గుడి ముందు ఆటలు, పాటలు, నాటకాలు కలిపి ఎనభై దాకా ప్రదర్శిస్తారు. వలస పోయినవారు ఆ రోజులకు ఇంటికి వస్తారు. 1977లో దీన్ని జాతీయ సంపదగా ప్రకటించారు. పండుగ నిలిచింది గాని కొర్ర చేలు మాత్రం తగ్గిపోయాయి. హోటలు వారు ఊరి పెద్దల దగ్గర నేర్చుకుని తమ ఆవరణలో చిన్న చేను దున్ని కొర్రలు, పాత రకం చిక్కుళ్ళు, చిలగడదుంపలు వేస్తున్నారు. అతిథులకు చూపించడానికే వేశారని ఎవరైనా అనవచ్చు. అయినా విత్తనం నేలలో పడుతున్నది.

ఒక హోటలుకు సరేనన్న ఊరు అన్నిటికీ తల ఊపుతుందనుకుంటే పొరపాటు. పడమటి ఒడ్డున కొందోయ్ అనే అందమైన తీరం దగ్గర మరో కంపెనీ హోటలు తలపెట్టినప్పుడు ఊరి సంఘం వ్యతిరేకించింది. ఇక 2019 సెప్టెంబరు నుంచి దీవికి వచ్చే యాత్రికులను తలకు 300 యెన్లు ఇమ్మని అడుగుతున్నారు. బలవంతం లేదు, రేవులో ఇష్టమైనవారు చెల్లిస్తారు. ఆ సొమ్ముతో తీరం శుభ్రం చేస్తారు, ఇంకా బయటివారి పేర ఉన్న పొలాలను తిరిగి కొంటారు.