తుక్కు ఏరితేనే ఉక్కు
జహీరాబాద్: అరిగిన నాగటి కర్రు, విరిగిన కమాను పట్టీ, తుప్పు పట్టిన నీళ్ల డ్రమ్ము... తూకానికి వేశాక వాటి సంగతి ఎవరూ పట్టించుకోరు. అవే కొన్నాళ్లకు స్లాబు చువ్వలై ఊరికి తిరిగి రావచ్చు. ఆ చువ్వ గట్టిదా, పెళుసుదా అన్నది చాలావరకు కొలిమిలో కాదు, తుక్కు కుప్ప వద్దనే తేలుతుంది. కార్మికుల క్షేమమూ అక్కడే ముడిపడి ఉంది.

1980వ దశకంలో ఆల్విన్ నిస్సాన్ వాహనాలతో మొదలై నేటి మహీంద్రా ట్రాక్టర్ల వరకు, వాహనాల తయారీకి జహీరాబాద్ పేరొందింది. వాహనమన్నది ఏనాటికైనా తుక్కు కావలసిందే. అందులో ఇంజను దిమ్మ సాధారణంగా బీడు, ఛాసిస్ ఉక్కు, వైర్లు రాగి, రేడియేటరు రాగి లేదా అల్యూమినియం. అన్నీ ఒకే కొలిమికి తగినవి కావు.

తుక్కు కరిగించేందుకు ఎక్కువగా వాడేది ఇండక్షన్ కొలిమి. మూస చుట్టూ ఉన్న రాగి గొట్టపు చుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే, లోపలి ఇనుము తనంతట తానే వేడెక్కి కరుగుతుంది. వేడి సుమారు 1600 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. టన్నుకు దాదాపు 600 యూనిట్ల కరెంటు కావాలి. పైకి తేలిన చిట్టెం తీసివేసి, ఫెర్రో మాంగనీస్, ఫెర్రో సిలికాన్ కలిపి దిమ్మెలుగానో బిల్లెట్లుగానో పోతపోస్తారు. వాటినే మళ్లీ ఎర్రగా కాల్చి చువ్వలుగా సాగదీస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ కొలిమి కరిగిస్తుందే గానీ పెద్దగా శుద్ధి చేయదు. లోపలి పూత సిలికాదైతే భాస్వరం, గంధకం పోవు. రాగి కలిసిందంటే ఎవరూ వేరుచేయలేరు. అది చువ్వ సాగదీసేటప్పుడు పగుళ్లు తెస్తుంది. బీడు ఎక్కువైతే కార్బన్ పెరిగి ఉక్కు పెళుసవుతుంది. ఎఫ్ఈ 500 రకం చువ్వల్లో కార్బన్ 0.30 శాతం, గంధకం, భాస్వరం ఒక్కొక్కటి 0.055 శాతం మించరాదని ఐఎస్ 1786 ప్రమాణం చెబుతోంది.

ఏరడం అనుభవంతో అబ్బే పని. సానరాయికి ఆనిస్తే ఉక్కు నుంచి పొడవైన, కాంతిమంతమైన రవ్వలు వస్తాయి. బీడు నుంచి పొట్టి, ఎర్రని రవ్వలు రాలుతాయి. అయస్కాంతానికి అంటనిదంతా అల్యూమినియమో ఇత్తడో అనుకోరాదు. కొన్ని స్టెయిన్‌లెస్ స్టీళ్లూ అంటవు.

ప్రాణం మీదికి తెచ్చేవి

తడి తుక్కు కరిగిన లోహం అడుగున చిక్కితే నీరు ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. లోహం చిమ్మి మీద పడుతుంది. వానాకాలంలో తుక్కును కప్పు కింద ఉంచి ఆరబెట్టేది అందుకే. మూసి ఉన్న సిలిండర్లు, షాక్ అబ్జార్బర్లు బాంబులతో సమానం. 2004లో ఘజియాబాద్ వద్ద దిగుమతి తుక్కులోని ఫిరంగి గుండ్లు పేలి పది మంది కార్మికులు మరణించారు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు చేరిన కోబాల్ట్-60 ఒకరిని బలిగొంది. జింకు పూత రేకులు కరిగితే వెలువడే పొగతో సాయంత్రానికల్లా చలిజ్వరం పట్టుకుంటుంది. దానిని మామూలు జ్వరమని కొట్టిపారేసేవారే ఎక్కువ.

2021లో వచ్చిన వాహన తుక్కు కేంద్రాల నిబంధనల ప్రకారం ఇంధనం, ఆయిలు, బ్యాటరీ, ఏసీ గ్యాసు తీశాకే బండిని ముక్కలు చేయాలి. పాత సిలిండరును తూకానికి వేయకుండా గ్యాస్ ఏజెన్సీకి అప్పగించాలి. చువ్వలు కొనేవారు వాటిపై ఐఎస్‌ఐ గుర్తు, తయారీదారు పేరు చూసుకుని, పరీక్షా పత్రం అడిగి తీసుకోవచ్చు.