శాలువా కన్నా ముందు నల్లా చూడండి

నిజామాబాద్ నుంచి ఆర్మూర్ మీదుగా జగిత్యాల వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారిలో, కోరుట్లకు ముందు వస్తుంది మెట్‌పల్లి. ఖాదీకి పాత పేరు. చుట్టూ పసుపు, మక్క, వరి. ఇళ్లల్లో ఆడవాళ్ల చేతుల్లో బీడీ చాట. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరుకు రైతుకు ఆ దారీ పోయింది. ఇక మగవాళ్ల సంగతి చెప్పేదేముంది? ఇబ్రహీంపట్నం, మల్లాపూర్, కథలాపూర్ మండలాల్లో దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ అనే మాటలు పక్క ఊళ్ల పేర్లలా నోట్లో నానుతుంటాయి.

అందుకే ఇక్కడి సర్కారు బడికి వచ్చే దాత ఎప్పుడూ అమెరికా సాఫ్ట్‌వేర్ బాబో, కంపెనీ పెద్దమనిషో కానక్కర్లేదు. చుట్టీ మీద ఊరొచ్చిన మేస్త్రీ కూడా దాతే. ఊరి గల్ఫ్ గ్రూపులో తలా కొంత పోగుచేసి, తాము మధ్యలో వదిలేసిన బడికే ఫ్యాన్లో బెంచీలో కొనిస్తారు. ఆ డబ్బు ఎండలో నిలబడి సంపాదించింది. దాని విలువ వేరు.

అయితే దాతలు వచ్చే రోజు తంతు మాత్రం అందరికీ ఒకటే. గేటు దగ్గర బ్యానర్, వేదిక మీద శాలువాలు, పిల్లల కోలాటం, నోటుబుక్కు అందిస్తూ ఫొటో. ఉపన్యాసాలు సాగేకొద్దీ మధ్యాహ్న భోజనం చల్లారిపోతుంది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాకు చలికాలంలో సెలవులకు వెళ్లే బ్రిటన్ పర్యాటకులకు పల్లెబడి చూసి రావడం యాత్రలో ఒక భాగం. పెన్నులు, మిఠాయిలు పంచుతారు, పిల్లలు పాట పాడతారు. అక్కడ వచ్చినవాళ్లకు పిల్లల ఇంటి భాష తెలియదు. మెట్‌పల్లి దాతకు ఆ సాకు లేదు. అదే బెంచీ మీద కూర్చున్నవాడు, అదే నల్లా దగ్గర నీళ్లు తాగినవాడు. అడగాల్సినవి అతనికి తెలుసు.

ప్రభుత్వం కూడా పేరుపలకలకు దారి వేసింది. 2022లో మొదలైన ‘మన ఊరు - మన బడి’ పథకం 26,065 బడులకు, రూ.7,289 కోట్ల అంచనాతో, మరుగుదొడ్ల నుంచి ప్రహరీ దాకా 12 రకాల పనులు రాసుకుంది. 10 లక్షలు ఇస్తే తరగతి గదికి దాత చెప్పిన పేరు పెడతామంది. పక్కనే సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో కార్పొరేట్ విరాళాలూ తోడై కేజీ టు పీజీ ప్రాంగణం 2023లో తెరుచుకుంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ గదికి పేరు పెట్టుకోవచ్చు, ఆ గది ఊడ్చే మనిషి జీతానికి పేరు పెట్టుకోలేం. నీళ్ల ఫిల్టరు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, ఆరు నెలలకు దాని కాట్రిడ్జి మార్చేవాళ్లే దొరకరు. 2024లో ప్రభుత్వం పారిశుద్ధ్యానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల దాకా కేటాయించి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతికిచ్చింది. ఆ డబ్బు చాలుతోందా అని హెడ్‌మాస్టరును పక్కకు పిలిచి అడిగితే సగం సంగతి తేలిపోతుంది.

గ్రామాభివృద్ధి కమిటీ మాటా చెప్పాలి. ఈ ప్రాంతంలో దాని మాటకు ఎదురుండదు. బడి కోసం ఊరంతా చందాలు వేయించగల సత్తా దానికే ఉంది. బెల్టుషాపు వేలంపాట డబ్బుతో ఊరి పనులు చేయించే కమిటీలూ ఉన్నాయి. తండ్రి తాగిన మందు సొమ్ము బడిదాకా రావడం నాకు మింగుడుపడదు.

విరాళం పంపేముందు ఒక సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గల్ఫ్ నుంచి పంపే సొంత డబ్బు విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు స్వచ్ఛంద సంస్థకో కమిటీకో పంపితే మాత్రం అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి.

ఈసారి చుట్టీ మీద వస్తే, కబురు పెట్టకుండా పనిదినం పొద్దున బడికి పోండి. పిల్లలతో కూర్చుని భోజనం చేయండి. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లొస్తున్నాయో లేదో టీచరమ్మనడగండి. చెక్కు రాసేది ఆ తర్వాతే.