ఆడకముందే తీర్పు

2006 ఏప్రిల్ నెలాఖరున నేను హ్యూస్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా అది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదనీ, అందులో బంతిని కాలితో తన్నటం బహు తక్కువనీ మాత్రమే. ఆ శుక్రవారం రాత్రి మా అల్లుడు కంచం ముందు కూచుని, "మామయ్యగారూ, మమ్మల్ని నిలువునా ముంచేశారండీ" అన్నాడు. ఉద్యోగం పోయిందేమోనని హడలిపోయాను. సంగతి అది కాదు. ఊరి జట్టయిన టెక్సన్స్, కొత్త ఆటగాళ్ల ఎంపికలో తనకు దక్కిన మొట్టమొదటి వంతును మేరియో విలియమ్స్ అనే కుర్రవాడి మీద పెట్టబోతున్నదట. మర్నాడు పక్కింటి గరాజులో టీవీ పెట్టుకుని పదిమంది చేరారు. నేనూ వెళ్లి ఒక మూల కూచున్నాను. గంటల తరబడి నేను విన్న తగాదా నాకు కొత్తది కాదు. అటువంటివి సాహిత్య సభల్లో నలభై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. గరాజులో వాదించినవాళ్లకు తాము మాట్లాడే విషయం బాగా తెలుసు, అదొక్కటే తేడా.

ముందు ఆ ఎంపిక ఏమిటో చెప్పాలి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కాలేజీల్లో ఆడి పైకొచ్చిన కుర్రవాళ్లను 32 వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అందరికంటె ఘోరంగా ఓడిన జట్టుది మొదటి వంతు. 2005లో టెక్సన్స్ 16 ఆటలాడి 14 ఓడిపోయింది. ఎంపికైన కుర్రవాడు ఆ జట్టుతోనే బేరం కుదుర్చుకోవాలి గాని, తనకు నచ్చిన జట్టు తలుపు తట్టే వీల్లేదు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ 1935లో ఈ పద్ధతి ప్రతిపాదించాడు, 1936లో అమలయింది. బలహీనమైన జట్లు నిలదొక్కుకోవటానికి అన్నారు. నిజమే, ఆ పనీ జరుగుతుంది. దానితోపాటు, ఒక కుర్రవాడి కోసం ఇద్దరు యజమానులు పోటీపడి జీతం పెంచవలసిన అగత్యం కూడా తప్పిపోయింది. మొదటి డ్రాఫ్ట్‌లో అందరికంటె ముందు ఎంపికైన జే బెర్వాంగర్‌కు జీతం బేరం కుదరక అతను ఈ వృత్తిలోకి రానే లేదు.

తర్వాత యాజూ స్మిత్ అనే ఆటగాడు, వృత్తిలోకి వచ్చిన మొదటి ఏడే మెడకు దెబ్బ తగిలి ఆట పోగొట్టుకుని, కోర్టుకెక్కాడు. 1968లో తనను ఎంచుకున్న తీరు పోటీ చట్టాలకు విరుద్ధమని 1978లో అప్పీలు కోర్టు చేత అనిపించాడు కూడా. కాని అప్పటికే, 1977లో, ఆటగాళ్ల యూనియన్ యాజమాన్యాలతో చేసుకున్న ఒప్పందంలో డ్రాఫ్ట్‌ను ఒప్పుకుని ఉన్నది. కోర్టు కాదన్న పద్ధతి యూనియన్ సంతకం బలంతో నిలిచింది. ఈ సంగతులు నేను తర్వాత చదువుకున్నవి. గరాజులో వీటిని ఎత్తినవాడు లేడు.

ఇక ఆట. ఒక్కో పక్షాన పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. బంతిని దూరానికి విసిరేవాణ్ణి క్వార్టర్‌బాక్ అంటారు. పరిగెత్తే తనవాళ్లలో ఎవడు ఖాళీగా ఉన్నాడో కనిపెట్టి విసరటానికి అతనికి మూడు సెకన్లయినా కావాలి. ఆ మూడు సెకన్లు సంపాదించి పెట్టటానికి ఐదుగురు భారీ మనుషులు అతని ముందు గోడ కడతారు. ఆ గోడను బద్దలుకొట్టో, అంచు చుట్టి వచ్చో అతని మీద పడే అవతలివాడే పాస్ రషర్. మన చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి పట్టేవాడితో పోల్చబోయాను గాని కుదరలేదు. కూతగాడు తనంతట తానే మన బరిలోకి వస్తాడు. ఇక్కడ పట్టేవాడే, తనకంటె బరువైనవాళ్లను తోసుకుంటూ, అవతలివాడి ఇంట్లో దూరాలి. ఆట మొత్తం మీద ముప్పైసార్లు దూకి ఒక్కసారి క్వార్టర్‌బాక్‌ను కూలదొయ్యగలిగితే, ఆ లెక్కన ఏడాది పొడుగునా నెగ్గుకు రాగలిగితే, వాడు గొప్పవాళ్లలో జమ.

అలా కూలదొయ్యటాన్ని సాక్ అంటారు. ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చినవాడు 1960లలో లాస్ ఏంజెలెస్ జట్టుకు ఆడిన డీకన్ జోన్స్ అని చెప్పుకుంటారు. కాని అతని పేర అధికారిక లెక్కల్లో ఒక్క సాక్ కూడా లేదు. ఒక్కొక్క ఆటగాడి పేర సాక్‌లు రాసి ఉంచటం లీగు 1982లో గాని మొదలుపెట్టలేదు. 1981లో వచ్చి ఈ పని స్వరూపాన్నే మార్చిన లారెన్స్ టేలర్‌కు కూడా మొదటి ఏటి సాక్‌లు లెక్కలో కలవవు. ఇద్దరు కలిసి కూలదోస్తే చెరి సగం రాస్తారు. శ్రమను కొలిచే కొలత పుట్టేదాకా ఆ శ్రమ లేనట్టే. పుట్టిన తర్వాత, కొలతకు అందనిది లేనట్టు.

గరాజులో తగాదా మూడు పాయలుగా నడిచింది.

మా అల్లుడిదీ మరో నలుగురిదీ ఊరి బిడ్డ పక్షం. విన్స్ యంగ్ అనే క్వార్టర్‌బాక్ హ్యూస్టన్‌లోనే పుట్టి పెరిగి, అక్కడి మాడిసన్ హైస్కూల్లో ఆడినవాడు. 2006 జనవరి 4న టెక్సస్ విశ్వవిద్యాలయం తరఫున రోజ్ బౌల్ ఆటలో, ఇంకా 19 సెకన్లుందనగా తనే బంతి పట్టుకు పరిగెత్తి, 41–38 తేడాతో గెలిపించాడు. ఓడిన పక్షంలో ఉన్న రెజీ బుష్ ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడు. దేశమంతా ఈ ఇద్దరి పేర్లే చెప్పుకుంటూ ఉంటే, నార్త్ కరోలినా నుంచి పేరు వినని ఒక డిఫెన్సివ్ ఎండ్‌ను తెస్తారా అని వీళ్ల ఆక్రోశం. వాళ్ల వాదంలో మమకారం ఎక్కువే గాని, మమకారానికి ఒక చరిత్ర ఉన్నది. ఆ ఊరి పాత జట్టు ఆయిలర్స్‌ను యజమాని 1997లో టెనెసీకి ఎత్తుకుపోయాడు. ఒకసారి జట్టును పోగొట్టుకున్న ఊరు తన బిడ్డను తనకు ఇమ్మంటున్నది.

రెండోది అవసరం పక్షం. దీని నాయకుడు ఇంటి యజమాని. చమురు శుద్ధి కర్మాగారంలో వెల్డరుగా పనిచేసి రిటైరయిన మనిషి. "ఏటా రెండుసార్లు ఇండియానాపొలిస్‌తో ఆడాలి. పేటన్ మానింగ్‌కు మూడు సెకన్లిచ్చావా, నీ పని అయిపోయింది. వాడికి రెండే ఇచ్చేవాడు కావాలి," అన్నాడు. దానికి ఎదురువాదం కూడా అవసరం నుంచే వచ్చింది. టెక్సన్స్ క్వార్టర్‌బాక్ డేవిడ్ కార్‌ను 2002లో 76సార్లు కూల్చారు; అంతకు ముందెన్నడూ ఎవర్నీ అన్నిసార్లు కూల్చలేదు. 2005లో మళ్లీ 68సార్లు. మనవాడే నేలమీద ఉంటే ఇతరుల్ని పడెయ్యటానికి మనిషి దేనికి, ముందు గోడ కట్టేవాణ్ణి తేవాలి గాని? ఇంత పదునైన ప్రశ్న ఏ సాహిత్య గోష్ఠిలోనూ నేను విని ఎరగను.

మూడో పాయ శరీరం. విలియమ్స్ ఆరడుగుల ఆరంగుళాల పైచిలుకు, 295 పౌన్లు. ఆ దేహంతో 40 గజాలు ఐదు సెకన్లలోపు పరిగెత్తాడు. ఏటా డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో కుర్రవాళ్లను వరసగా నిలబెట్టి ఎత్తూ, బరువూ, చేతుల పొడుగూ, అరచేతుల వెడల్పూ కొలుస్తారు. గరాజులో చరిత్ర పాఠాలు చెప్పే నల్లజాతి టీచరు ఒకాయన ఉన్నాడు. ఆటగాళ్లలో సగానికి పైగా నల్లవారే. యజమానులు దాదాపు అందరూ తెల్లవారు. ఆయన నెమ్మదిగా, "మా ముత్తాతల్ని కూడా ఇలాగే నిలబెట్టి కండలు తడిమి ధర కట్టేవాళ్లు" అన్నాడు. గరాజంతా నిశ్శబ్దమై పోయింది. కాసేపటికి ఆయనే, "ఇంతకీ ఈ కుర్రవాడి చేతుల పొడుగెంత?" అన్నాడు. ఆయన్ని చూసి నవ్వటం తేలికే. నాకు నవ్వు రాలేదు.

ఈ మూడు వాదాలూ చివరకు డబ్బు దగ్గర కలిశాయి. విలియమ్స్‌తో కుదిరిన ఒప్పందం ఆరేళ్లకు 5 కోట్ల 40 లక్షల డాలర్లు. అందులో హామీ ఉన్నది సుమారు 2 కోట్ల 65 లక్షలే. మిగిలింది జట్టు అతన్ని ఉంచుకుంటేనే. కాలు విరిగి ఇంటికి పంపితే అది కాగితం మీది అంకె. "వీడికి అంత డబ్బు మనం తగలెయ్యాలా!" అన్నాడు మా అల్లుడు. వెల్డరు అతన్ని ఎగాదిగా చూసి, "అది నీ జేబులోదా?" అని అడిగాడు.

నాకు ఆ పూట జరిగిన వాదాలన్నిటిలోకీ ముఖ్యమైనది ఈ ప్రశ్న. పదిమందిలో తొమ్మిదిమంది జీతగాళ్లు. ఒక జీతగాడి జీతాన్ని లెక్కకట్టేటప్పుడు అందరూ యజమాని కుర్చీలో కూచుని లెక్కకట్టారు. 1999లో లీగుకు 70 కోట్ల డాలర్లు చెల్లించి జట్టు హక్కు కొనుక్కున్న బాబ్ మెక్‌నేర్‌కు ఇది లాభమా నష్టమా అన్నదే వాళ్ల బెంగ. విలియమ్స్‌కు ఇది లాభమా నష్టమా అని అడిగినవాడు లేడు. అయితే ఇది ఉత్త భ్రమ అని కొట్టిపారెయ్యటానికి కూడా వీల్లేదు. ఆడే స్టేడియం హారిస్ కౌంటీది. దాని ఖర్చుకు హోటలు గదుల మీదా అద్దె కార్ల మీదా పన్నులు వేశారు. "మనం" అనే మాటలో నిజం కొంత ఉన్నది. కాని ఆ నిజం పన్నులు వేసినవాళ్ల మీదికి పోకుండా, ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడి మీదికి మళ్లింది.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. 2006లో విలియమ్స్ పాదం నొప్పితో కుంటుతూ ఆడి, నాలుగున్నర సాక్‌లు చేశాడు. యంగ్ టెనెసీకి పోయాడు. ఆ డిసెంబరు 10న అదే జట్టుతో హ్యూస్టన్ వచ్చి, అదనపు సమయంలో 39 గజాలు పరిగెత్తి టెక్సన్స్‌ను ఓడించాడు. నేనప్పటికి ఇండియా వచ్చేశాను. "చెప్పానా?" అని మా అల్లుడు ఫోనులో గర్జించాడు. 2007లో విలియమ్స్ 14 సాక్‌లు, మరుసటేడు 12 చేశాడు. యంగ్ ఆట 2011తో ముగిసింది. తిట్టినవాళ్లలో చాలామంది మాట మార్చారు, మా అల్లుడితో సహా. ఒక అంకె చూసి తిట్టినవాళ్లు మరో అంకె చూసి మెచ్చుకున్నారు. మనిషి దూకిన తీరు ఏం మారింది, పాదం నొప్పి తగ్గటం ఎంత, తోడు ఆడినవాళ్లు ఎంత, ఈ విచారణ జరగలేదు.

2011లో మళ్లీ హ్యూస్టన్‌లో ఉన్నాను. ఆ మార్చిలో యజమానులు లాకౌట్ ప్రకటించారు. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో టెక్సన్స్ 11వ వంతులో జె. జె. వాట్‌ను ఎంచుకుంటే, స్టేడియంలో చేరిన అభిమానులు గేలిచేశారు. అతను మధ్యలో ఒక కాలేజీ మాని, ఇంటింటికీ పిజ్జాలు చేరవేసి, మరో కాలేజీలో చేరి పైకొచ్చినవాడు. జూలైలో ఒప్పందం కుదిరింది. కొత్తగా వచ్చేవాళ్ల జీతాలకు కళ్లెం వేశారు. 2010లో మొదట ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షలు. 2011లో మొదట ఎంపికైన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2 కోట్ల 20 లక్షలు. ఇంకా యూనియన్‌లోకి రాని కుర్రవాళ్ల కూలిని, యూనియన్‌లో ఉన్నవాళ్లూ యజమానులూ కలిసి తగ్గించారు. గరాజులో దీన్ని అందరూ హర్షించారు. వెల్డరు మాత్రం, "మా ఫ్యాక్టరీలోనూ ఇలాగే చేశారు" అని ఊరుకున్నాడు.

వాట్ ఆట గురించి ఆయన నాకొక విషయం నేర్పాడు. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. బంతి గాలిలోకి లేచిన తర్వాత గోడ దగ్గర ఏం జరిగిందో తెరమీద ఉండదు. "బంతిని చూడకు. అంచున ఉన్నవాణ్ణి చూడు," అన్నాడు. చూశాను. వాట్‌ను ఆపటానికి ఇద్దరు కావలసి వస్తున్నారు. అంచేత అతని పక్కవాడికి దారి దొరుకుతున్నది. సాక్ పక్కవాడి పేర పడుతున్నది. మీదికి చేరలేననుకున్నప్పుడు వాట్ చేతులెత్తి, విసిరిన బంతిని అక్కడికక్కడే కొట్టేసేవాడు. అది సాక్ కాదు. గేలిచేసిన ఊరే తర్వాత అతన్ని నెత్తిన పెట్టుకున్నది. 2012, 2014, 2015లలో లీగులో ఉత్తమ రక్షణ ఆటగాడు అతనే.

మన విమర్శ కూడా చాలావరకు బంతి వెంట పోయే కెమెరాయే. మొదటి సంపుటి అచ్చు కాకముందే ఒకణ్ణి "రేపటి కవి" అంటాం. రెండోది రాగానే "ఆశాభంగం" అంటాం. ఎన్ని సంపుటాలు, ఎన్ని బహుమతులు అని లెక్కపెడతాం. ఒక కథకుడి చేత ఐదుసార్లు తిరగరాయించిన సంపాదకుడి పేరు ఎక్కడా ఉండదు. ఒకడు తిట్లు కాసినందువల్ల వెనక వచ్చిన నలుగురికి దారి దొరికితే, చరిత్రలో నలుగురూ ఉంటారు. పుస్తకం ఎవరికి లాభించింది అనే ప్రశ్న వచ్చినప్పుడు, గరాజులో మాదిరే, రాసినవాడి కుర్చీలో కూచునేవాళ్లు తక్కువ. ఫుట్‌బాల్ అభిమానికి ఒక సౌకర్యం ఉన్నది: వచ్చే ఆదివారం ఆట అతని తప్పును అందరి ఎదుటా పట్టిస్తుంది. మన తీర్పులను పట్టించే ఆదివారం లేదు. అంచేత మనం ముప్పై ఏళ్లయినా ఒకే తప్పు మాట చెప్పుకుంటూ పోగలం.

2023లో టెక్సన్స్ భారీగా వంతులు ఇచ్చుకుని, మూడో స్థానంలో విల్ ఆండర్సన్ అనే పాస్ రషర్‌ను తెచ్చింది. అంత ధర పెట్టాలా అని గరాజులో మళ్లీ తగాదా. వెల్డరు అప్పటికి లేడు. సీజను ముగిశాక, కొత్తగా వచ్చిన రక్షణ ఆటగాళ్లలో ఆండర్సనే ఉత్తముడని లీగు ప్రకటించింది. మా అల్లుడు ఫోనులో ఆ కుర్రవాడు అంచున చేసే పని గురించీ, ఇద్దరిద్దరు అతన్ని పట్టుకు వేళ్లాడటం గురించీ పావుగంట వర్ణించాడు. అంతా విన్నాను.

"అది సరే, ఎన్ని సాక్‌లు?" అని అడిగాను.

"ఏడండీ," అన్నాడు.

ఏడేనా, అనుకున్నాను.