మొదట తెలిసేది స్నేహితునికే

పదిహేను, పదహారేళ్ల పిల్లల మనసులో ఏదైనా పెద్ద బాధ ఉంటే దానిని మొదట ఎవరితో చెబుతారు? అమ్మతోనో నాయనతోనో చెబుతారని మనం అనుకుంటాము. చాలాసార్లు అలా జరగదు. పక్క బెంచీలో కూర్చునే వానితో చెబుతారు. హాస్టలులో పక్కన పడుకునే అమ్మాయితో, లైట్లు ఆర్పిన తర్వాత, గొంతు తగ్గించి చెబుతారు. ఇంట్లో వాళ్లకు తెలిసేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి.

మన జిల్లాల్లో దీనికి మరో కారణం కూడా ఉంది. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, సుగ్గికి పోవడం అంటే ఏమిటో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. వాన సరిగా పడని ఏడు తల్లిదండ్రులు మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు, కూలి పనులకు బెంగళూరు వైపు పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో, హాస్టలులోనో ఉండిపోతారు. కడప, రాజంపేట, రాయచోటి వైపు తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి, పిల్లలను ఫోనులోనే పలకరించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వీరి ప్రేమలో లోపం ఏమీ లేదు. దూరమే ఎక్కువ. అమ్మ ఫోనులో "బాగుండావా?" అని అడిగితే "బాగుండానమ్మా" అని తప్ప పిల్లలు ఇంకో మాట చెప్పలేరు. చెబితే ఆమె అక్కడ ఒంటరిగా కూర్చుని ఏడుస్తుందని వారికి తెలుసు.

కాబట్టి ఈ నెల ఆరోగ్య వ్యాసం ఆ పక్క బెంచీ స్నేహితుని గురించి. ఆ అబ్బాయికి, ఆ అమ్మాయికి మనం ఏమి నేర్పాలి అన్న విషయం గురించి.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం 10 నుండి 19 ఏళ్ల లోపు వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉంటుంది. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెబుతోంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజులలోనే తొమ్మిది మంది పోయారని పత్రికలు రాశాయి. మార్కుల కాగితం ఒక్కటే కారణమని అనడం సరికాదు. దిగులు, నిద్రలేకపోవడం, ఇంటి అప్పులు, అవమానం, ఇలా ఎన్నో కలిసి చాలాకాలం నుండి లోపల పేరుకొని ఉంటాయి. ఫలితాల రోజు అవి పొంగుతాయి. ఆ పేరుకునే కాలంలో పక్కన ఉండేది స్నేహితులే.

కాలు విరిగిన వానిని కదిలించకుండా ఎలా పట్టుకోవాలో, పాము కరిస్తే ఏమి చేయకూడదో మనం బడిలో ప్రథమ చికిత్సగా నేర్పిస్తాము. నేర్చుకున్నవాడు డాక్టరు కాడు. డాక్టరు దగ్గరకు చేరేవరకు తోడుంటాడు, అంతే. మనసు విషయంలోనూ ఇలాగే నేర్పవచ్చునని 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్ అనే నర్సు, ఆమె భర్త ఆంథొనీ జోర్మ్ అనే పరిశోధకుడు ఒక శిక్షణ ప్రారంభించారు. తరువాత దానిలోనే హైస్కూలు పిల్లల కోసం వేరుగా ఒక పాఠం తయారైంది. 75 నిమిషాల తరగతులు మూడు, అంతే. స్నేహితునిలో మార్పును గమనించడం, ఎలా ఉన్నావని అడగడం, చెప్పేది వినడం, ఒక పెద్దవారి దగ్గరకు చేర్చడం, ఆ తరువాత కూడా స్నేహం వదలకపోవడం, ఇవే అందులో నేర్పేది. ఈ శిక్షణ పొందిన పిల్లలను మామూలు ప్రథమ చికిత్స నేర్చుకున్న పిల్లలతో పోల్చి చూశారు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలో ఉన్న స్నేహితునికి ఎలా సాయం చేయాలన్నది మొదటివారే బాగా తెలుసుకున్నారు.

ఐరోపాలో పది దేశాలలో, 168 పాఠశాలలలో, 11,110 మంది విద్యార్థులతో జరిగిన మరో పెద్ద పరిశీలన 2015లో ప్రచురితమైంది. అక్కడ పిల్లలే పాత్రలు వేసి, కష్టంలో ఉన్నవానిగా ఒకరు, స్నేహితునిగా ఒకరు మాట్లాడుకుంటూ నేర్చుకున్నారు. సంవత్సరం తిరిగేసరికి ఆ పిల్లలలో ఆత్మహత్యా ప్రయత్నాలు మిగతా వారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గాయి. ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చిన బడులలో అంత తేడా కనిపించలేదు. ఈ పాత్రల పద్ధతినే గుజరాత్‌లోని మెహసానా జిల్లా బడులలో కూడా ప్రవేశపెట్టారు. గోడకు పోస్టరు అంటించి, మైకులో ఒక గంట ఉపన్యాసం ఇచ్చి ఇంటికి పోతే సరిపోదని దీనివల్ల తెలుస్తోంది. పిల్లలు నోరు తెరిచి ఆ మాటలు పలికి చూడాలి.

అలా పలికి చూసే మాటలు ఎలా ఉంటాయి? ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయిలు ఇద్దరు హాస్టలులో ఉన్నారనుకోండి.

"ఏమే, వారం దినాలాయె, నువ్వు మెస్సుకు సరిగా రావడం లేదు. రాత్రి కూడా నిద్రపోవడం లేదు, చూస్తానే ఉన్నా. ఏమైంది?"

"ఏం లేదు."

"సరేలే. నాకైతే ఏదో ఉన్నట్టే ఉంది. ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు. నేను ఈడనే ఉంటా."

ఇందులో గమనించవలసినది ఏమిటంటే, ఆ అమ్మాయి "ఎందుకట్లున్నావు?" అని నిలదీయలేదు. తాను కళ్లతో చూసిన రెండు విషయాలు చెప్పింది: తిండి, నిద్ర. మనసు బాధను దాచవచ్చు గానీ వీటిని దాచలేరు. చదువులో ఉన్నట్టుండి వెనుకబడటం, ఆటలు మానడం, చిన్న మాటకే రేగిపోవడం, ఊరికే తలనొప్పి, కడుపునొప్పి అనడం కూడా గుర్తులే. రెండు వారాలకు పైగా ఇవి ఉంటే మామూలు దిగులు అని వదిలేయకూడదు. తనకు ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే అందరికీ బాగుంటుంది" అనడం వంటివి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

వినడం అందరికీ వచ్చుననుకుంటాము గానీ అదే కష్టం. "ధైర్యంగా ఉండు", "ఇంతదానికే ఏడుస్తారా", "ఎందరికి లేవు కష్టాలు" అనే మూడు మాటలూ పెద్దవాళ్ల దగ్గర నుండే పిల్లలు నేర్చుకుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట విన్నవాడు ఇంక చెప్పడం ఆపేస్తాడు. "నీవు నమ్మకం లేక ఇలా అయిపోయావు" అని విశ్వాసుల ఇండ్లలో అనే మాట కూడా అలాంటిదే. కుంగుబాటు ఒక జబ్బు. చక్కెర జబ్బు ఉన్నవానిని మనం అలా అనము కదా.

చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా కాదని పరిశోధనలలో తేలింది. అడిగినప్పుడు లోపల ఉన్నవానికి ఊపిరి ఆడినట్టు అవుతుంది. "నీకు చచ్చిపోవాలనిపిస్తా ఉందా?" అని మెల్లగా, తిట్టకుండా అడగడం పిల్లలకు నేర్పవచ్చు.

ఇక అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. ఇంత చెప్పిన తరువాత ఆ పిల్ల అంటుంది: "నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పొద్దు."

మన పిల్లలకు ఒట్టు అంటే ఎంత భయమో మీకు తెలుసు. ఒట్టు తప్పితే కళ్లు పోతాయని చిన్నప్పటి నుండి వింటారు. స్నేహితురాలు నమ్మి చెప్పిన మాట బయటపెడితే ద్రోహం అనుకుంటారు. అందుకే లోపల భయపడుతూనే మౌనంగా ఉంటారు, రాత్రి మేలుకొని కాపలా కాస్తారు, పొద్దున క్లాసుకు పోతారు. ఏదైనా జరిగితే ఆ బరువు జీవితాంతం మోస్తారు. పదహారేళ్ల పిల్ల మీద ఇంత బరువు పెట్టడం న్యాయం కాదు.

కాబట్టి ఈ శిక్షణలో ఒక్కటే నేర్పే సమయం ఉంటే, ఈ జవాబు నేర్పండి: "ఒట్టు వేయను. ఊరంతా చెప్పను. కానీ నీ ప్రాణం మీదికి వచ్చే మాటయితే ఒక పెద్దామెకు మాత్రం చెబుతా. ఎవరికి చెబితే బాగుంటుందో నువ్వే చెప్పు, ఇద్దరం కలిసి పోదాం." ఎవరికి చెప్పాలో తనే ఎంచుకోనిస్తే ఆ అమ్మాయి సగం ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోయినా చెప్పవలసిందే. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. బ్రతికి ఉండి అలగడం మేలు. అలాంటి సమయంలో ఆ అమ్మాయిని ఒంటరిగా వదలకూడదన్నది కూడా నేర్పాలి.

ఆ పెద్దవారు ఎవరు? ఇది మన వైపు ప్రశ్న. పిల్లలకు శిక్షణ ఇచ్చి, వాళ్లు తీసుకొచ్చిన మాట వినే పెద్దవారు లేకపోతే ఆ శిక్షణ వ్యర్థం. ఆస్ట్రేలియాలో పిల్లల కంటే ముందు బడిలో కొందరు పెద్దవారికి నేర్పుతారు. బీహార్ నలందా జిల్లాలో జరిగిన ఒక పరిశీలన 2018లో ప్రచురితమైంది. అదే కార్యక్రమాన్ని కొన్ని బడులలో ఉపాధ్యాయులు, మరికొన్నింటిలో స్థానికంగా శిక్షణ పొందిన మామూలు సలహాదారులు నడిపారు. సలహాదారులు నడిపిన చోట పిల్లలలో కుంగుబాటు, ఏడిపించడం తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట ఏమీ తేడా రాలేదు. మార్కులు వేసే వారి దగ్గర మనసు విప్పడం కష్టమేమో అని నాకనిపిస్తుంది. మన సంఘాలలో పాస్టరమ్మ గారు కావచ్చు, సండే స్కూలు అక్క కావచ్చు, హాస్టలు వార్డెను కావచ్చు, ఊరి ఆశా కార్యకర్త కావచ్చు, ఒకరిని ముందే అనుకొని, "ఏ రాత్రయినా ఈమె తలుపు కొట్టవచ్చు" అని పిల్లలకు చెప్పి ఉంచాలి. ఆమె విన్నది సంఘంలో సాక్ష్యంగా గానీ, ప్రార్థన అంశంగా గానీ పేరు పెట్టి చెప్పకూడదు. ఒక్కసారి అలా జరిగితే ఇంక ఏ పిల్లా రాదు.

ప్రభుత్వం వైపు నుండి కూడా దారి ఉంది. 2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో వెయ్యి జనాభాకు ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలను తోటివారికి చెప్పేవారిగా తయారు చేయాలని ఉంది. వీరిని సాథియాలు అంటారు. అందులో మానసిక ఆరోగ్యం కూడా ఒక అంశం. మీ ఊరిలో ఉన్నారో లేదో ఏ.ఎన్.ఎం. గారిని అడగండి.

మన యూత్ మీటింగులలో దీనికి రెండు శనివారాలు కేటాయిస్తే చాలు. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి పైన రాసినటువంటి మాటలు వారి యాసలోనే పలికించండి. మొదట నవ్వుతారు, నవ్వనివ్వండి. అబ్బాయిలకు విడిగా చేయడం మంచిది. "ఏంరా, ఆడపిల్లలా ఏడుస్తావా" అన్న మాటను వారి చేతనే చర్చించండి.

పోలీసు కేసు అవుతుందని దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుండి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షన్ లేనే లేదు. కాబట్టి ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ ఇది. పిల్లవానిని ఎవరైనా హింసిస్తున్నట్టు తెలిస్తే 1098. ఇంట్లో పురుగుమందులు ఉంటే తాళం వేసి, తాళంచెవి పెద్దవారి దగ్గరే ఉంచండి.

చివరిగా, స్నేహం వదలకపోవడం గురించి. మందులు మొదలుపెట్టి పదిహేను రోజుల తరువాత ఆ అమ్మాయి హాస్టలుకు తిరిగి వస్తుంది. అందరూ చూస్తారు, కొందరు గుసగుసలాడతారు. మందుల వల్ల పొద్దున కొంచెం మత్తుగా ఉండవచ్చు. స్నేహితురాలు ఆ రోజు ఉపదేశం ఏమీ చేయనక్కరలేదు. ఆ పదిహేను రోజుల నోట్సు రాసిపెట్టి ఉంచి, మెస్సుకు వెళ్లేటప్పుడు "రా, పోదాం" అని పిలవాలి. మరుసటి రోజు కూడా.