తొలి తుపాకీ కొనాలనుకుంటున్నారా? లైసెన్సు నుంచి లాకర్ దాకా తెలుసుకోవాల్సినవి ఇవే

స్థలం తగాదాలో బెదిరింపు ఫోన్లు వస్తున్నాయి. లేదంటే రోజూ రాత్రి దుకాణం మూసి, నగదు సంచితో ఒంటరిగా ఇంటికి వెళ్లాల్సి వస్తోంది. ‘ఒక రివాల్వర్ ఉంటే ధైర్యంగా ఉంటుంది కదా’ అన్న ఆలోచన ఇలాంటప్పుడే పుడుతుంది. వెంటనే ఫోన్ తీసి ధర ఎంతో వెతుకుతాం. లక్ష, లక్షన్నర అని కనిపించగానే ‘ఫర్వాలేదు, బైక్ కొన్నంతే’ అనుకుంటాం.

కానీ తుపాకీ విషయంలో కొనడం చివరి మెట్టు. దానికి ముందు లైసెన్సు ఉంది. కొన్న తర్వాత అది ఇంట్లో ఉన్నంత కాలం మోయాల్సిన బాధ్యత ఉంది. ఈ రెండూ తెలిశాకే ఏ మోడల్ అన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది.

ఇది హక్కు కాదు, అనుమతి

అమెరికాలో ఉన్న మన బంధువులు దుకాణానికి వెళ్లి తుపాకీ కొన్నామని చెబుతుంటారు. అక్కడి రాజ్యాంగం ఆయుధం ఉంచుకోవడాన్ని హక్కుగా గుర్తించింది. మన దగ్గర అలా కాదు. అనుమతి లేకుండా తుపాకీ పెట్టుకునే ప్రాథమిక హక్కు మన దేశంలో ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2023లో గుర్తుచేసింది. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నిబంధనలు ఏం చెబితే అదే.

చట్టం ప్రకారం దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. మానసిక ఆరోగ్యం సరిగా ఉండాలి. హింసాత్మక నేరాల్లో శిక్ష పడినవారికి అడ్డంకులుంటాయి. 2019లో చట్టాన్ని సవరించి, ఒక వ్యక్తి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. లైసెన్సు కాలపరిమితిని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు.

ఆస్తిపాస్తులు ఉన్నవాళ్లకే లైసెన్సు ఇస్తారన్నది చాలామందిలో ఉన్న అపోహ. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలోనే ఉంది. అధికారులు ప్రధానంగా చూసేది మీ ప్రాణానికి నిజంగా ముప్పు ఉందా అన్నదే.

దరఖాస్తు ఎక్కడ, ఎలా?

హైదరాబాద్ లాంటి కమిషనరేట్ నగరాల్లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ సాధారణంగా లైసెన్సు ఇచ్చే అధికారులు. ఫారం ఏ-1లో దరఖాస్తు చేయాలి. దేశంలోని ఆయుధ లైసెన్సులన్నీ ఇప్పుడు కేంద్ర హోంశాఖ నడిపే ఎన్‌డీఏఎల్ డేటాబేస్‌లో ఉంటాయి. ప్రతి లైసెన్సుదారుకు ఒక యునిక్ ఐడీ నంబరు ఇస్తారు. ఆ నంబరు లేని లైసెన్సు చెల్లదు.

దరఖాస్తుతో పాటు ఇవి సిద్ధం చేసుకోండి:

• వయసు, గుర్తింపు, చిరునామా ఆధారాలు, ఫొటోలు

• శారీరకంగా, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్

• ఆయుధాన్ని భద్రంగా దాచుకుంటానని రాసిచ్చే హామీ పత్రం

• ఆయుధాల భద్రతపై శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్

• బెదిరింపులపై ఇచ్చిన ఫిర్యాదులు, ఎఫ్‌ఐఆర్ కాపీలు ఉంటే అవి

ఆ చివరిది చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. బెదిరింపులు వచ్చినప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్లకుండా, నేరుగా ‘నాకు ప్రాణభయం ఉంది’ అని దరఖాస్తు పెడితే దానికి బలం ఉండదు. మొదట ఫిర్యాదు చేయండి. బెదిరించడం భారతీయ న్యాయసంహిత 351 సెక్షన్ కింద నేరం. ఆ కాగితం రేపు మీ దరఖాస్తుకూ ఆధారమవుతుంది.

తర్వాత మీ పరిధిలోని స్టేషన్ నుంచి విచారణకు వస్తారు. మీపై కేసులున్నాయా, ఇరుగుపొరుగు ఏమంటున్నారు, ముప్పు ఎంత నిజం అని ఆరా తీస్తారు. నిబంధనల ప్రకారం పోలీసులు 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందాక 60 రోజుల్లో అధికారి నిర్ణయం తీసుకోవాలి. ఆచరణలో ఆలస్యమూ జరుగుతుంటుంది కాబట్టి దరఖాస్తు రసీదు, తేదీలు దగ్గర పెట్టుకోండి. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగొచ్చు. 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

లక్ష, లక్షన్నరలో ఏం వస్తుంది?

సినిమాల్లో చూసే 9 ఎంఎం పిస్టల్ మామూలు పౌరులకు దొరకదు. అది ‘ప్రొహిబిటెడ్ బోర్’ జాబితాలో ఉంది. మీకు వచ్చేది ‘నాన్ ప్రొహిబిటెడ్ బోర్’ లైసెన్సు. చేతి తుపాకుల్లో దాని కింద ఎక్కువగా అమ్ముడయ్యేవి .32 బోర్ రివాల్వర్లు, పిస్టళ్లు.

విదేశీ తుపాకులను పౌరులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. అంతకుముందు దేశంలోకి వచ్చిన పాతవే చేతులు మారుతున్నాయి. అందుకే వాటి ధర లక్షల్లో పలుకుతుంది. పేరు చూసి వాటి వెంట పడాల్సిన పనిలేదు. మధ్యస్థ బడ్జెట్ ఉన్నవారికి దేశంలో తయారైనవే దారి.

ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారుచేసే .32 రివాల్వర్, ‘అశని’ అనే .32 పిస్టల్ చాలాకాలంగా ఉన్నాయి. 2014లో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ రివాల్వర్‌ను మహిళలను దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. బరువు సుమారు 500 గ్రాములు, అప్పటి ధర దాదాపు 1.22 లక్షల రూపాయలు. 2021లో ఆయుధ కర్మాగారాలను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మార్చాక, వాటిలో ఒకటైన ఏడబ్ల్యూఈఐఎల్ 2023 ఆగస్టులో ‘ప్రబల్’ను విడుదల చేసింది. ఇది దాదాపు 700 గ్రాముల .32 రివాల్వర్. తూటాలు నింపే చక్రం పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి నింపడం, ఖాళీ చేయడం తేలిక. బ్రిటిష్ బ్రాండ్ వెబ్లీ కూడా ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్‌లో .32 రివాల్వర్లు తయారుచేయిస్తోంది. 2020లో దాని ధర దాదాపు 1.6 లక్షలు.

ఇక్కడే ఒక జాగ్రత్త. పాత వార్తల్లో కనిపించే ఈ ధరలు ఇప్పటివి కావు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్లపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. అంటే పన్నుకు ముందు ధర లక్ష ఉంటే, అంతకుముందు 1.28 లక్షలు కట్టేవారు, ఇప్పుడు 1.40 లక్షలు కట్టాలి. డీలర్‌ను ‘పన్నుతో కలిపి ఎంత’ అనే అడగండి.

రివాల్వరా? పిస్టలా?

తొలిసారి కొనేవారికి, నెలకోసారి కూడా ప్రాక్టీసు చేయలేనివారికి రివాల్వర్ మేలు. కారణం సులువు. దాని స్థితి కంటికి కనిపిస్తుంది. చక్రం తెరిస్తే తూటాలు ఉన్నాయో లేవో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తర్వాతిది ముందుకు వస్తుంది. సాధారణంగా ఆరు తూటాలు పడతాయి.

పిస్టల్ పలచగా ఉంటుంది, నడుముకు పెట్టుకోవడానికి సౌకర్యం. కానీ తూటా ఇరుక్కుపోతే సరిచేయడం రావాలి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోయిందని అనుకుంటారు. లోపలి ఛాంబర్‌లో ఒక తూటా అలాగే ఉండిపోవచ్చు. శుభ్రం చేస్తుండగా తుపాకీ పేలిందన్న వార్తల వెనక తరచూ ఉండే పొరపాటు ఇదే.

రెండూ .32 అయినంత మాత్రాన తూటాలు ఒకటి కావు. రివాల్వర్‌కు వాడే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వేరు, పిస్టల్‌కు వాడే .32 ఏసీపీ వేరు. మీరు కొనే తుపాకీకి ఏ తూటా సరిపోతుందో డీలర్‌తో బిల్లు మీద రాయించుకోండి.

కౌంటర్ దగ్గర ఏం చూడాలి?

తేలికైనదే మంచిదనుకోకండి. బరువు తగ్గేకొద్దీ పేల్చినప్పుడు చేతికి తగిలే కుదుపు పెరుగుతుంది. పిడి మీ అరచేతికి నిండుగా సరిపోవాలి. చూపుడు వేలు సాగదీయకుండానే ట్రిగ్గర్‌కు అందాలి. ఖాళీ చేసి చూపించమని అడిగి, ట్రిగ్గర్ ఎంత గట్టిగా ఉందో డీలర్ అనుమతితో చూడండి. ఆ తుపాకీ వాడేది మీరు, మీ చెయ్యి ఎంత పెద్దదో మీకే తెలుసు. స్నేహితుడికి నచ్చిన మోడల్ మీకు నప్పాలని లేదు.

సెకండ్ హ్యాండ్ కొంటే బడ్జెట్ కలిసొస్తుంది. అయితే అది లైసెన్సు ఉన్న డీలర్ ద్వారానే జరగాలి. తుపాకీ మీది నంబరు అమ్మేవారి లైసెన్సులోని నంబరుతో సరిపోలాలి. నంబరు చెరిపేసి లేదా గీకేసి ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. కొన్న తర్వాత ఆయుధాన్ని లైసెన్సింగ్ అధికారికి చూపి, వివరాలు లైసెన్సులో నమోదు చేయించుకోవాలి.

బడ్జెట్‌లో తుపాకీతో పాటు ఇవీ వేసుకోండి: గోడకు లేదా నేలకు బిగించే స్టీల్ లాకర్, హోల్‌స్టర్, శుభ్రం చేసే కిట్, తూటాలు, శిక్షణ ఫీజు, ఐదేళ్లకోసారి రెన్యూవల్. ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో మీ లైసెన్సులోనే ఉంటుంది. చేతిలో లక్షన్నర ఉంటే మొత్తం తుపాకీకే పెట్టేయకండి. లాకర్, శిక్షణకు డబ్బు మిగలకపోతే ఆ కొనుగోలు సగమే పూర్తయినట్టు.

ఇంట్లోకి వచ్చాక అసలు పరీక్ష

ఇక్కడే చాలామంది ఆలోచించని చిక్కు ఉంది. తుపాకీని ఖాళీగా, తాళం వేసి, తూటాలు విడిగా ఉంచడమే భద్రమైన పద్ధతి. దిండు కింద పెట్టుకుంటే దొంగ కన్నా ముందు పిల్లల చేతికి చిక్కుతుంది. లాకర్‌లో పెడితే అర్ధరాత్రి తలుపు బద్దలైనప్పుడు అంత తొందరగా చేతికి అందదు. ఈ రెండింటి మధ్య మీ ఇంటికి ఏది కుదురుతుందో కొనకముందే నిర్ణయించుకోవాలి. చిన్నపిల్లలున్న ఇల్లు, తాగుడు అలవాటున్న మనిషి ఉన్న ఇల్లు, ఎవరైనా తీవ్రమైన కుంగుబాటుతో బాధపడుతున్న ఇల్లు అయితే సమాధానం సూటిగా చెప్పొచ్చు. ఆ ఇంట్లోకి తుపాకీ రాకపోవడమే రక్షణ.

లైసెన్సు మీ పేరు మీదే. కొడుకైనా, డ్రైవరైనా దాన్ని పట్టుకెళ్లడానికి వీల్లేదు. బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లో, ఎవరికీ కనిపించకుండా ఉండాలి. మీ లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూసుకోకుండా పక్క రాష్ట్రానికి తీసుకెళ్లొద్దు. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చడం సరదా కాదు. 2019 సవరణ ప్రకారం ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా అలా కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు పోలీసులు డిపాజిట్ చేయమంటే స్టేషన్‌లోనో, డీలర్ దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. పోతే ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయాలి.

లైసెన్సు ఉన్నంత మాత్రాన కాల్చే హక్కు ఉన్నట్టు కాదు. ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయసంహిత గుర్తించింది. కానీ ముప్పును తప్పించడానికి ఎంత అవసరమో అంతవరకే. పారిపోతున్న దొంగ వీపు మీద కాలిస్తే, కోర్టులో జవాబు చెప్పాల్సింది మీరే.

‘పాతిక వేలకు ఇస్తాం’ అంటే?

లైసెన్సు ఆలస్యమవుతోందని విసిగినవారి దగ్గరికే దళారులు వస్తారు. బిహార్ నుంచో, ఇంకెక్కడి నుంచో తెచ్చిన కంట్రీమేడ్ పిస్టల్ చవగ్గా ఇస్తామంటారు. సోషల్ మీడియాలో ‘డోర్ డెలివరీ’ అంటూ పోస్టులు పెడతారు. అడ్వాన్స్ కట్టించుకుని మాయమయ్యేవారు కొందరు. నిజంగా చేతిలో పెడితే అంతకన్నా ప్రమాదం. లైసెన్సు లేని తుపాకీ దొరికితే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది. నాటు తుపాకీ మీ చేతిలోనే పగిలిపోయే అవకాశం ఉంది. బెదిరింపులకు బాధితులైన మీరు, ఆ క్షణం నుంచి నిందితులవుతారు.

ముందు దీన్ని ప్రయత్నించండి

తుపాకీ మీకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి చవకైన దారి ఉంది. .177 బోర్‌లో, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. దగ్గర్లోని షూటింగ్ రేంజ్‌లో చేరి కొన్ని నెలలు దానితో నేర్చుకోండి. గగన్ నారంగ్, ఈషా సింగ్ లాంటి షూటర్లు ఎదిగిన నగరం హైదరాబాద్. ఇక్కడ కోచ్‌లకు కొదవ లేదు. తుపాకీ నోరు ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు అన్న రెండు అలవాట్లు అక్కడే ఒంటబడతాయి.

అదే సమయంలో ఇంటికి గట్టి తలుపు, సీసీ కెమెరా పెట్టించండి. నగదు తీసుకెళ్లే వేళలు మార్చండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. ఇవన్నీ చేశాక కూడా ముప్పు అలాగే ఉందనిపిస్తే, అప్పుడు ఫారం ఏ-1 నింపండి. అప్పటికి ఏ మోడల్ కొనాలన్నది మీకు పెద్ద ప్రశ్నగా అనిపించదు.