పై చదువు పెట్టిన ఖర్చును తిరిగి తెస్తుందా?

డిగ్రీ ముగించిన బిడ్డను పి.జి.లో చేర్చాలా, సంపాదనకు పంపాలా? సరిహద్దు పల్లెలలో ఏటా వేసవి ముగిసేనాటికి ఎన్నో ఇళ్లలో తలెత్తే ప్రశ్న ఇది. పెద్ద పట్టాకు పెద్ద జీతం తప్పక వస్తుందన్న నమ్మకం సగమే సత్యం.

మొదట లెక్క చూద్దాం. ఉదాహరణకు, డిగ్రీతోనే నెలకు 15,000 రూపాయలు తేగల యువకుడు రెండేళ్లు చదువుకు కూర్చుంటే 3,60,000 రూపాయల ఆదాయం పోతుంది. ఫీజు, వసతి కలిపి మరో 1,20,000 అయితే మొత్తం 4,80,000. పి.జి. తరువాత జీతం నెలకు 5,000 మాత్రమే పెరిగితే ఆ సొమ్ము తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. అప్పు చేసి చదివించినచో వడ్డీ అదనం.

ఇక ఉద్యోగాల సంగతి. ఏడవ వేతన సంఘం ప్రకారం కేంద్రీయ విద్యాలయాలలో డిగ్రీ, బి.ఎడ్. అర్హతతో చేరే టి.జి.టి. ఉపాధ్యాయుని ప్రారంభ మూలవేతనం 44,900, పి.జి. తప్పనిసరి అయిన పి.జి.టి.ది 47,600. తేడా 2,700 మాత్రమే. విశ్వవిద్యాలయాలలో సహాయ ఆచార్యునికి యు.జి.సి. వేతనశ్రేణిలో ప్రారంభ మూలవేతనం 57,700. అయితే అందుకు పి.జి.లో 55 శాతం మార్కులతో పాటు సాధారణంగా నెట్ లేదా సెట్ అర్హత కావాలి. ఇల్లు అలకగానే పండుగ కానట్లే, పట్టా రాగానే కొలువు రాదు.

సరిహద్దు కుటుంబాలు ఇక్కడ ఒక నియమాన్ని గుర్తుంచుకోవాలి. 2002 జూన్ 1 తరువాత జరిగిన సెట్‌లో నెగ్గినవారికి ఆ అర్హత ఆ రాష్ట్రంలోని విద్యాసంస్థలకే చెల్లుతుంది. కర్ణాటక సెట్ నెగ్గిన బళ్లారి యువతికి అనంతపురంలో అది అక్కరకు రాదు. నెట్ మాత్రం దేశమంతటా చెల్లుతుంది. అందులో తెలుగు కూడా ఒక విషయమే. జె.ఆర్.ఎఫ్. సాధిస్తే పరిశోధన కాలంలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి.

చదువు పెద్దదైతే చాలదు, ఉద్యోగానికి తగినదై ఉండాలి. 2018లో ప్రాథమిక ఉపాధ్యాయ పదవులకు బి.ఎడ్. వారిని అనుమతించిన ఉత్తర్వు చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ పదవులకు ప్రాథమిక విద్యలో డిప్లొమాయే తగిన అర్హత అని తేలింది. పెద్ద పట్టా ఉన్నవారు వెనుకబడి, చిన్న పట్టా ఉన్నవారు ముందుకు వచ్చారు.

సివిల్ సర్వీసులకు, బ్యాంకు అధికారి పరీక్షలకు డిగ్రీ చాలు. బ్యాంకు ప్రొబేషనరీ అధికారి పరీక్షకు సాధారణ వర్గంవారికి వయఃపరిమితి 30 ఏళ్లు. గమ్యం లేని పి.జి. ఆ విలువైన వయస్సును హరిస్తుంది. 2022-23 శ్రామికశక్తి సర్వేలో దేశంలో నిరుద్యోగిత 3.2 శాతం కాగా, పట్టభద్రులలో అది 13.4 శాతమని తేలింది.

దీని భావం చదువు మానిపించమని కాదు. అధ్యాపకత్వం, పరిశోధన వంటి మార్గాలకు పి.జి. ద్వారమే. దరఖాస్తు నింపే ముందు తల్లిదండ్రులు బిడ్డతో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కోరుకునే ఉద్యోగానికి ఈ పట్టా తప్పనిసరా? ఆ అర్హత ఏ రాష్ట్రంలో చెల్లుతుంది? పోయే ఆదాయంతో సహా ఖర్చు ఎంత? వీటికి స్పష్టమైన జవాబులు దొరికితే అప్పు చేసినా భయం లేదు. దొరకకపోతే ఒక ఏడాది ఉద్యోగం చేసి ఆలోచించడం మేలు.