"ఏమీ చెయ్యదులే" అంటారు.. ఎగబడేది ఆ కుక్కే!

"అమ్మా, కుక్కను పట్టుకో!" అని వీధిలోంచి కేక. "ఏమీ చెయ్యదులే నాయనా, రా!" అని ఇంట్లోంచి జవాబు. తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో ఈ రెండు మాటలు వినపడని రోజు వుండదు. పాలు పట్టుకుపోయేవాడికి, కరెంటు రీడింగు తీసేవాడికి, పోస్టుమ్యానుకు, సంక్రాంతి నెలలో వచ్చే గంగిరెద్దులవాడికి ఈ జవాబు మీద ఏ మాత్రం నమ్మకం లేదు. ఇంటివాళ్లకు మాత్రం పూర్తి నమ్మకం. వాళ్లను అది నిజంగానే ఏమీ చెయ్యదు మరి. చిక్కంతా అక్కడే వచ్చి పడింది.

కొత్త మనిషి కనపడితే గొలుసు తెంపుకునేటట్టు ఎగబడే కుక్కను చూసి "మంచి కాపలా" అని మురిసిపోయే రైతులు చాలామందే వున్నారు. ఒకనాడు అది పక్కింటి బిడ్డ పిక్క పట్టుకుంటుంది. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. పంచాయతీ అవుతుంది. ఆ రాత్రికి కుక్కను గోనెసంచిలో వేసుకుపోయి కొండ వారనో, హైవే పక్కనో వదిలేసి వస్తారు. అది తిండి లేక ఇంకో ఊరు చేరుతుంది, ఇంకో బిడ్డను కరుస్తుంది. లేదా శేషాచలం అడవి అంచున చిరుత నోట పడుతుంది.

ఇంత దాకా రాకుండా ఇంట్లోనే దాన్ని దారికి తెచ్చుకోవచ్చు. అందుకు ముందుగా అది ఎందుకు ఎగబడుతున్నదో తెలియాలి.

కోపం కాదు, భయం

ఇలాంటి కుక్కల్లో చాలావాటికి వున్నది పొగరు కాదు, భయం. గేటు దగ్గరికి మనిషి వచ్చాడు. కుక్క అరిచింది. మనిషి వెళ్లిపోయాడు. నిజానికి పోస్టుమ్యాను ఉత్తరం ఇచ్చి ఎలాగూ వెళ్లిపోయేవాడే. కానీ కుక్క లెక్కలో, తాను అరిచింది కాబట్టే అతను పోయాడు. రోజూ ఇదే పాఠం. ఆర్నెల్లకు అరుపు ఎగబడటం అవుతుంది, ఏడాదికి కాటు అవుతుంది.

గొలుసు దీన్ని ఇంకా పెంచుతుంది. భయపడ్డ ఏ జంతువైనా ముందు పారిపోవాలనే చూస్తుంది. మెడకు గొలుసు వున్న కుక్కకు ఆ దారి మూసేశాం. ఇక దానికి మిగిలింది పళ్లు చూపించటమే.

మామిడి తోటల కాపలా కుక్కల సంగతి చూడండి. కన్ను తెరిచిన కొన్నాళ్లకే తెచ్చి తోటలో షెడ్డు దగ్గర కట్టేస్తారు. దానికి తెలిసిన లోకం కాపలా మనిషి ఒక్కడే. జూన్, జులై వస్తే తోతాపురి కోతకు కూలీలు, ట్రాక్టర్లు, లారీలు, బేరగాళ్లు ఒక్కసారిగా దిగుతారు. కుక్కకు పిచ్చెత్తినట్టు అవుతుంది. కుక్కపిల్ల 3వ వారం నుంచి సుమారు 12వ వారం దాకా చూసిన మనుషుల్ని, విన్న శబ్దాల్ని తన లోకంగా ఒప్పుకుంటుందనీ, ఆ వయసులో మనుషుల్ని చూడని పిల్లకు తర్వాత అలవాటు చెయ్యటం చాలా కష్టమనీ అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశోధన చేసి 1965లో పుస్తకం వేశారు. మనవాళ్లు సరిగ్గా ఆ వారాల్లోనే పిల్లను ఒంటరిగా కట్టేస్తున్నారు.

కర్నూలు జిల్లా పందికోన కుక్కలకున్న పేరు విని పిల్లల్ని తెచ్చుకునేవాళ్లు కూడా ఇది ఆలోచించాలి. పొలాల్లో తిరిగి పెరిగే జాతిని తెచ్చి ఇరుకు సందులో స్తంభానికి కడితే, దాని పౌరుషమంతా సందులో నడిచే ముసలీ ముతకా మీదే చూపిస్తుంది.

కర్ర తీస్తే ఏమవుతుంది?

పాలవాడి బండి వచ్చింది. కుక్క అరిచింది. యజమాని రెండు తగిలించాడు. కుక్క నోరు మూసింది. యజమాని తాను గెలిచాననుకున్నాడు. కుక్క నేర్చుకున్నది వేరు: పాలవాడు వస్తే తనకు దెబ్బలు పడతాయి! రేపటి నుంచి పాలవాడి మీద దానికి పగ రెట్టింపు. గుర్రుమన్నందుకు కొట్టటం మరీ ప్రమాదం. గుర్రుమనటం "దగ్గరికి రావద్దు" అని చెప్పే హెచ్చరిక. ఆ హెచ్చరిక మాన్పించిన కుక్క చెప్పకుండా కరుస్తుంది.

సంగటి ముద్దతో వైద్యం

రష్యాలో పావ్‌లోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కలకు తిండి పెట్టే ముందు ఒక శబ్దం వినిపిస్తూ వచ్చాడు. కొన్నాళ్లకు ఆ శబ్దం వింటేనే వాటికి నోరూరేది. జీర్ణక్రియ మీద చేసిన పనికి ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎగబడే కుక్కను మార్చే ఉపాయానికి మూలం ఈ నోరూరటమే. దీనికి మందులూ మాకులూ అక్కర్లేదు. ఉడికిన గుడ్డు ముక్క, రాగి సంగటి ముద్ద, కాస్త మాంసం తునక, దానికి ఏది ఇష్టమైతే అది చాలు.

పాలవాడు వచ్చే వేళకు కుక్కను దొడ్లోకో, ఇంటి వెనక్కో పట్టుకుపోవాలి. అతను కనపడినా అది అరవకుండా చూస్తూ వుండగలిగినంత దూరం కావాలి. ఒక కుక్కకు 20 అడుగులు చాలు, ఇంకోదానికి 60 అడుగులు కూడా చాలవు. మనిషి కనపడగానే ముక్క వెయ్యాలి. కనపడినంత సేపూ ముక్కలు పడాలి. అతను పోగానే ఆపెయ్యాలి. ముందు మనిషి, తర్వాత తిండి. ఈ వరస తప్పితే పని జరగదు. కొన్ని రోజులకు పాలవాడి బండి చప్పుడు వినగానే కుక్క అతని వైపు కాక మీ చేతి వైపు చూస్తుంది. అప్పుడు నాలుగడుగులు ముందుకు జరగవచ్చు. మళ్లీ అరిచిందంటే తొందరపడ్డామని అర్థం, వెనక్కి రావాలి. రోజుకు ఐదు పది నిమిషాలు చాలు. కానీ వారంలో అయ్యే పని కాదు, నెలలు పడుతుంది. కొన్ని కుక్కలు పూర్తిగా మారవు కూడా. వాటిని జాగ్రత్తగా పెట్టుకోవటమే మార్గం.

ఆ జాగ్రత్తకు ఖర్చు తక్కువ. వీధి కనపడకుండా గేటుకు తడికో, కొబ్బరి మట్టలో కడితే సగం అరుపులు తగ్గుతాయి. ఇంటికి చుట్టాలు వస్తే ముందే కుక్కను లోపలి గదిలో వేసి తలుపు గడియ పెట్టాలి, వాళ్లు వచ్చాక కాదు. గొలుసుకు బదులు రెండు గుంజల మధ్య తీగ లాగి, రింగు వేసి పలుపు కడితే అటూ ఇటూ తిరుగుతుంది. ఎద్దులకు చిక్కం కట్టినట్టే కుక్కలకూ బుట్టలాంటి చిక్కాలు దొరుకుతాయి. నోరు తెరిచి రొప్పటానికి, నీళ్లు తాగటానికి వీలున్నవే కొనాలి. వాటిని కూడా తిండి పెడుతూ మెల్లగా అలవాటు చెయ్యాలి.

తిరుపతిలో ఏటా మే నెలలో గంగజాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం వేసినవాళ్లు, వెంట డప్పులు. మనిషి ఆకారమే మారిపోయి కనపడితే, నెమ్మదైన కుక్క కూడా బెదురుతుంది. ఆ రోజుల్లో ఎగబడే కుక్కను వాకిట్లో కట్టెయ్యటమంటే గొడవ కొని తెచ్చుకోవటమే.

నిన్నటి దాకా నెమ్మదిగా వున్న కుక్క హఠాత్తుగా కసురుకుంటే కారణం వేరే వుంటుంది. చెవిలో చీము, పిడుదులు, నడుం నొప్పి. గొడ్ల డాక్టరుకు చూపించాలి. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచీ వుంది. చొంగ కారుస్తూ, మింగలేకపోతూ, కనపడినదాన్నల్లా కొరుకుతుంటే అది రేబిస్ కావచ్చు. దగ్గరికి పోకూడదు.

కరిస్తే..

ఇంటి కుక్కే కదా అని వదిలెయ్యకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, మిరప్పొడి, పసరు పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. బొడ్డు చుట్టూ 14 సూదులంటూ పెద్దవాళ్లు చెప్పే పాత మందును మన దేశంలో మానేసి 20 ఏళ్లు దాటింది. ఇప్పటి సూదులు భుజానికే వేస్తారు, ఆసుపత్రికి పోవలసింది కూడా నాలుగైదు సార్లకు మించదు. గాయం లోతుగా వుంటే దాని చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కిస్తారు. కరిచిన కుక్కను చంపకుండా 10 రోజులు కట్టి చూడాలి. అయితే ఆ 10 రోజులూ చూద్దామని మనిషికి టీకా ఆపకూడదు. రేబిస్ లక్షణాలు పైకి కనపడ్డాక బతికించే మందు లేదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 కేసులు కుక్కల వల్లేననీ, 5 నుంచి 14 ఏళ్ల పిల్లలే తరచు బలవుతున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కుక్కకు మూడో నెలలో ఒకసారి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా టీకా వేయించిన ఇంట్లో ఈ భయం చాలా వరకు వుండదు.

పిల్లలకు కూడా చెప్పాలి. కుక్క తినేటప్పుడు, పిల్లల్ని వేసుకుని పడుకున్నప్పుడు దగ్గరికి పోకూడదు. మీదికి వస్తే పరుగెత్తకుండా, చేతులు దగ్గర పెట్టుకుని చెట్టులా నిలబడాలి. దాని కళ్లలోకి చూడకూడదు.

చట్టం కూడా యజమానినే అడుగుతుంది. తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, ఎప్పుడూ కట్టేసి వుంచే కుక్కను కాసేపైనా తిప్పకపోవటం కూడా నేరమే. తిండీ నీళ్లూ దొరకని చోట దాన్ని వదిలేసి రావటమూ నేరమే. గోనెసంచిలో వేసుకుని బయల్దేరేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఇక గేటుకు "కుక్క వున్నది జాగ్రత్త" అని బోర్డు కట్టి, లోపలి నుంచి "ఏమీ చెయ్యదులే, రా" అని పిలిచే ఇళ్లలో ఈ రెంటిలో ఏది నమ్మాలో వచ్చినవాడికి ఎవరు చెప్పాలి?